దానం కన్నా ముందు ధర

కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో న్యూ హాంబర్గ్ అనే చిన్న ఊరు ఉంది. అక్కడ మెన్నొనైట్ క్రైస్తవుల సేవాసంస్థ తరఫున పాత సామాన్ల దుకాణం ఒకటి నడుస్తోంది. ఊళ్లోవాళ్లు తమకు అక్కర్లేని బట్టలు, గిన్నెలు, పుస్తకాలు, పటాలు తెచ్చి ఇచ్చిపోతారు. స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు వాటిని ఏరి, తుడిచి, ధర చీటీ అంటించి అమ్మకానికి పెడతారు. వచ్చిన డబ్బు మెన్నొనైట్ సెంట్రల్ కమిటీ ద్వారా యుద్ధాల్లో, విపత్తుల్లో దెబ్బతిన్న జనానికి చేరుతుంది. అలా వచ్చిన సామాన్లలో ఒకసారి ఓ చిన్న చిత్రం కనబడింది. నీటి ఒడ్డున నిలబడ్డ ఇద్దరు లాబ్‌స్టర్ జాలర్లు, వెనక ఇళ్లు, కొండ. గీత పసిపిల్లల గీతలా ఉంది. రంగులు మాత్రం ఎక్కడివక్కడ పచ్చిగా, ధైర్యంగా ఉన్నాయి. సామాన్లు ఏరేవారిలో ఒకరు గుర్తుపట్టకపోతే అది నాలుగు డాలర్లకో ఐదు డాలర్లకో ఎవరింటికో వెళ్లిపోయేదే. 2017 మే నెలలో దాన్ని వేలం వేస్తే 45,000 కెనడా డాలర్లు పలికింది. ఆ సొమ్మంతా సేవకే వెళ్లింది.

ఆ చిత్రం గీసిన మనిషి పేరు మాడ్ లూయిస్. 1903లో నోవా స్కోషియాలో పుట్టింది. చిన్నతనం నుంచీ కీళ్లవాతం. వయసు పెరిగేకొద్దీ వేళ్లు ముడుచుకుపోయాయి, గడ్డం ఛాతీకి ఆనుకుపోయింది. చిన్నప్పుడు తల్లి పక్కన కూర్చుని క్రిస్మస్ కార్డులకు రంగులు వేయడమే ఆమె చదివిన చిత్రకళ. 1938లో మార్షల్‌టౌన్‌లో చేపలు అమ్ముకునే ఎవరెట్ లూయిస్‌ను పెళ్లాడింది. అతను ఊరూరా చేపలు అమ్ముతుంటే వెంట వెళ్లి, చేత్తో గీసిన కార్డులు ఒక్కొక్కటి పాతిక సెంట్లకు అమ్మేది. తర్వాత రోడ్డు పక్కనే ఉన్న తమ ఇంటి ముందు చిత్రాలు అమ్మబడునని పలక కట్టింది. కరెంటు లేదు, కుళాయి లేదు. ఉన్నది ఒకే ఒక్క గది. ఆ గదిలో గోడలు, తలుపు, మెట్లు, కిటికీ అద్దాలు, రొట్టెల డబ్బా, చివరికి పొయ్యి కూడా పూలతో, పిట్టలతో నింపేసింది.

ఆమె చిత్రాల ధర చాలాకాలం రెండు డాలర్లు, మూడు డాలర్లు. 1960లలో పత్రికలోనూ టీవీలోనూ ఆమె గురించి వచ్చాక గిరాకీ పెరిగింది గాని ధర పది డాలర్లు దాటలేదు. ఆ రోజుల్లో ఆమె సంగతి చదివిన ఒంటారియో చిత్రకారుడు ఒకాయన ఆమెకు మంచి బోర్డులు, రంగులు పంపేవాడు. నిక్సన్ కాలంలో వైట్‌హౌస్‌వారు రెండు చిత్రాలు కావాలని అడిగితే, ముందు డబ్బు పంపమని ఆమె జవాబు రాసిందని నోవా స్కోషియాలో ఇప్పటికీ చెప్పుకుంటారు. 1970లో ఆమె చనిపోయింది. ఆ తర్వాత మూడేళ్లకు, ఆమెకు రంగులు పంపిన ఆ చిత్రకారుడే ఒక ఫలహారశాలలో భోజనాలకు బదులుగా ఆమె గీసిన నల్ల ట్రక్కు చిత్రాన్ని ఇచ్చాడు. 2022లో అది మూడున్నర లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. ఆమె బతికిన ఇంటిని కూడా హాలిఫాక్స్‌లోని ఆర్ట్ గ్యాలరీలో భద్రపరిచారు.

ఇక్కడొక ధర్మసందేహం పుడుతుంది. ఆ 45,000 డాలర్ల దానం ఎవరిది? చిత్రం గీసిన మాడ్‌దా? ఆమె దాన్ని అప్పుడే కొద్ది డాలర్లకు అమ్మేసింది. దుకాణంలో వదిలిపెట్టిన మనిషిదా? ఆ మనిషికి తానేం ఇస్తున్నదీ తెలియదు. గుర్తుపట్టిన సేవకుడిదా? ఆయన ఇచ్చింది చూపు, శ్రమ. వేలంలో పాడినవారిదా? వారికి బదులుగా చిత్రం దక్కింది. ఇంతమంది చేతులు దాటి వచ్చిన పుణ్యం ఏ ఖాతాలో పడాలి?

ఆదివారం అంగళ్లలో, క్రిస్మస్ మేళాల్లో, అపార్ట్‌మెంటు సంబరాల్లో సరదాకు బొమ్మలు వేసేవారు స్టాల్ పెట్టి, వచ్చిన సొమ్ము అనాథాశ్రమానికో క్యాన్సర్ రోగులకో ఇస్తామని బోర్డు పెట్టిన ప్రతిచోటా ఈ ప్రశ్నే చిన్నరూపంలో నిలబడి ఉంటుంది. అక్కడ మూడు పనులు ఒకేసారి జరుగుతాయి. ఒకరు సృష్టిస్తారు, ఒకరు కొంటారు, ఒకరు పుచ్చుకుంటారు. ఏది కళ, ఏది వ్యాపారం, ఏది దానం అనేది కలగలిసిపోతుంది. కలగలిసినప్పుడే ధర్మం గురించి జాగ్రత్తగా ఆలోచించాలి.

మన ధర్మశాస్త్రకారులు దానాన్ని భావోద్వేగంతో కొలవలేదు, హక్కుతో కొలిచారు. ఒక వస్తువు మీద తన స్వత్వాన్ని వదులుకుని, దానిమీద ఎదుటివారికి స్వత్వం కలిగించడమే దానమన్నారు. చేతిలో నీళ్లు పోసి ధారపోయడంలోని అంతరార్థం ఇదే. నీళ్లు జారిన క్షణం నుంచి అది ఇచ్చినవారిది కాదు. అందుకే తనది కానిదాన్ని దానం చెయ్యడం ఎవరికీ కుదరదు. బలి చక్రవర్తి మూడో అడుగుకు తన తల చూపించింది కూడా ఈ లెక్కలోనే. అప్పటికి ఆయనదని చెప్పుకోదగ్గది ఇంకేమీ మిగల్లేదు.

ఈ కొలతతో చూస్తే న్యూ హాంబర్గ్ దుకాణంలో చిత్రాన్ని వదిలిన అజ్ఞాత వ్యక్తి నిజంగానే దాత. విలువ తెలియకపోయినా హక్కు వదులుకున్నారు, తిరిగి అడగలేదు. ఏరిపెట్టిన సేవకుడు కూడా దాతే. కూలి అడగవలసిన పనిని అడగకుండా చేశారు. వేలంలో కొన్నవారి సంగతి వేరు. భగవద్గీత పదిహేడో అధ్యాయంలో దానాన్ని మూడుగా విడదీస్తుంది. తిరిగి ఏ ఉపకారమూ చెయ్యలేనివారికి, ఇవ్వవలసినదన్న బుద్ధితో, తగిన చోట తగిన వేళ ఇచ్చేది సాత్వికం. ప్రతిఫలం ఆశించి, లేదా మనసు కష్టపెట్టుకుంటూ ఇచ్చేది రాజసం. అవమానిస్తూ, అపాత్రుడికి ఇచ్చేది తామసం. చిత్రం చేతికి వచ్చాక ఇచ్చిన డబ్బును సాత్వికదానం అనలేం. దాని అసలు ధర ఎంతో అంతవరకు అది కొనుగోలు. ఆ పైన ఇచ్చినది మాత్రమే దానం. ఈ మాట కొనేవారిని చిన్నబుచ్చడానికి కాదు. నిజాయితీగా చేసిన కొనుగోలు గౌరవప్రదమైన పనే. దానికి దానమన్న పేరు తగిలించవలసిన అవసరం లేదు.

మరి చిత్రకారుల సంగతి? అమెరికా పన్ను చట్టం దీనికి విచిత్రమైన జవాబు ఇచ్చింది. 1969లో చట్టం మార్చాక, ఒక చిత్రకారుడు తాను గీసిన చిత్రాన్ని ధర్మసంస్థకు ఇస్తే రంగులకూ కాన్వాసుకూ అయిన ఖర్చుమేరకే మినహాయింపు. అదే చిత్రాన్ని ఒక ధనికుడు కొని, కొన్నాళ్లు ఉంచుకుని ఇస్తే మార్కెట్ విలువ మొత్తానికి మినహాయింపు దొరికే వీలుంది. చట్టం దృష్టిలో చిత్రకారుడు ఇచ్చింది గుడ్డ, రంగు మాత్రమే. అతని కన్ను, చెయ్యి, ఏళ్ల సాధన లెక్కలోకి రావు. పన్నుల శాఖకు దాని కారణాలు దానికి ఉండొచ్చు. మన మనసులు కూడా అదే లెక్క వెయ్యడం అన్యాయం. స్టాల్ ముందు నిలబడి, కాగితానికీ రంగుకూ ఇంత అవుతుందా అని బేరమాడే ప్రతివారూ తెలియకుండానే ఆ చట్టాన్ని పాటిస్తున్నారు.

శ్రమకు దైవత్వం ఇచ్చిన ఆలోచన మన పొరుగునే పుట్టింది. 12వ శతాబ్దంలో కల్యాణ నగరంలో బసవేశ్వరుడి చుట్టూ చేరిన శరణులనే శివభక్తులు కాయకం, దాసోహం అన్న రెండింటినీ జంటగా చెప్పారు. ఒళ్లు వంచి చేసే పని కాయకం. దాని ఫలాన్ని సంఘంతో పంచుకోవడం దాసోహం. పాల్కురికి సోమనాథుడి బసవపురాణం ద్వారా ఆ శరణుల స్ఫూర్తి తెలుగువారికీ చేరింది. ఆ శరణుల్లో ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ అనే దంపతులున్నారు. నేలమీద చిందిన బియ్యపు గింజలు ఏరుకొచ్చి, వండి, జంగములకు పెట్టడం వారి కాయకం. ఒకరోజు మారయ్య రోజూ తెచ్చేదానికంటే ఎక్కువ బియ్యం తెచ్చాడు. లక్కమ్మ ఒప్పుకోలేదు. మన పనికి రావలసినంత కన్నా ఎక్కువ ఎందుకు తెచ్చావని నిలదీసి, మిగిలినవి తీసుకెళ్లి ఎక్కడివక్కడ పోసి రమ్మని పంపింది.

ఈ కథలో అందరూ మెచ్చేది ఆమె ఆశలేనితనం. దానికంటే లోతైనది ఇంకొకటి ఉంది. ఆ ఎక్కువ బియ్యం కూడా అతిథులకే వెళ్లేది, ఇంట్లో దాచుకునేందుకు కాదు. అయినా లక్కమ్మ వద్దంది. దానం చేస్తున్నాం కదా అన్న కారణంతో సంపాదన న్యాయాన్ని సడలించడానికి ఆమె ఒప్పుకోలేదు. ఆమె వరుసలో మొదటిది న్యాయమైన సంపాదన, రెండోది దానం. సేవ పేరుతో పెట్టే ప్రతి స్టాల్‌కూ ఈ వరుసే కొలత కావాలి.

ఇక్కడే సరదాకు బొమ్మలు వేసేవారి బాధ్యత మొదలవుతుంది. గీసుకునే ఆనందానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. న్యూయార్క్ రాష్ట్రంలో రైతు కుటుంబపు గృహిణి అన్నా మేరీ మోసెస్, కీళ్లనొప్పులతో కుట్టుపని సాగక డెబ్బై దాటాక కుంచె పట్టింది. జాతరలో తన పండ్ల జామ్‌లతోపాటు బొమ్మలూ పెట్టింది. బహుమతి జామ్‌కు వచ్చింది గాని బొమ్మలకు రాలేదు. 1938లో మందుల షాపు కిటికీలో ఆమె బొమ్మలు చూసిన ఒక సేకర్త వాటన్నిటినీ కొన్నాడు. అలా ప్రపంచం ఆమెను గ్రాండ్‌మా మోసెస్‌గా ఎరిగింది. ఫలం మీద ఆశ లేకుండా పనిచెయ్యమన్న గీతాబోధకు అభిరుచికొద్దీ గీసేవారు దగ్గరగా ఉంటారు. వారికి ఆ చిత్రం అమ్ముడుపోకపోయినా పొయ్యి వెలుగుతుంది.

పొయ్యి వెలుగుతుంది కాబట్టే వారు ధర తగ్గించగలరు. పక్క స్టాల్‌లో, ఆ పనితోనే బతుకుతూ కూర్చున్నవారు తగ్గించలేరు.

శ్రీకాళహస్తి కలంకారీ చేసేవారి పని ఒక్కసారి దగ్గరగా చూస్తే ఈ మాటలోని బరువు తెలుస్తుంది. ముందు నేత గుడ్డను కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో నానబెట్టి ఎండేస్తారు. పాలలోని కొవ్వు రంగు పాకిపోకుండా ఆపుతుంది. వెదురుపుల్లకు ఉన్ని చుట్టి దారంతో బిగిస్తే అదే కలం. వేళ్లతో ఆ ఉన్నిని కొద్దిగా నొక్కుతూ ఉంటే రంగు మొనకు దిగుతుంది. నల్లరంగు కోసం తుప్పుపట్టిన ఇనుపముక్కల్ని బెల్లపు నీళ్లలో వారాల తరబడి పులియబెడతారు. దాన్ని కసిమి అంటారు. గుడ్డ మీది కరక్కాయను కసిమి తాకగానే గీత నల్లబడుతుంది. ఎరుపు రావలసినచోట పటిక నీళ్లు రాసి, ఆ తర్వాత రంగునీళ్లలో మరిగిస్తారు. ఒక్కో రంగుకూ ఉతకడం, ఆరబెట్టడం. నది నీరు, ఎండ కలిసొస్తేనే పని సాగుతుంది. ఈ విద్య అంతరించే దశలో ఉన్నప్పుడు 1950ల చివర్లో కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో శ్రీకాళహస్తిలో శిక్షణకేంద్రం రావడం వల్ల నిలబడింది. సిద్దిపేట జిల్లా చేర్యాలలో పటాలు గీసే నకాషీ కుటుంబాల పనీ ఇంతే శ్రమతో కూడినది. ఖాదీ గుడ్డకు సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు కలిపి పూతమీద పూత పూసి, అది ఆరాకే కుంచె పెడతారు.

అలాంటి స్టాల్ పక్కనే పింఛనుతోనో భర్త జీతంతోనో ఇల్లు గడిచేవారు ఒక బొమ్మను రెండు వందలకు పెట్టి, మొత్తం సేవకేనని బోర్డు కడితే ఏం జరుగుతుంది? కొనేవారి మనసులో చేతిపనికి రెండు వందలే న్యాయమైన ధరగా ముద్రపడుతుంది. పక్కన రెండు వేలు చెప్పే కళాకారుడు దురాశపరుడిగా కనబడతాడు. దాత ఉద్దేశం పవిత్రమే. అనాథలకు నాలుగు రూపాయలు చేరినమాటా నిజమే. కాని ఆ నాలుగు రూపాయల్లో కొంత, పక్క స్టాల్ మనిషి బేరం పోవడం వల్ల వచ్చినదైతే, లక్కమ్మ దాన్ని తిరిగి పోసి రమ్మనేది.

దానం కోసం చేసే అమ్మకంలో ముడిసరుకు ఎక్కడిది, కూలి ఎవరిది అన్న ప్రశ్న చరిత్రలో గట్టిగానే నలిగింది. 1834లో అమెరికాలోని బోస్టన్‌లో బానిసత్వాన్ని వ్యతిరేకించే స్త్రీలు చేతిపనుల సంత మొదలుపెట్టారు. సూదుల సంచులు, దిండ్లు, బొంతలు, బొమ్మలు కుట్టి అమ్మి, ఆ డబ్బుతో ఉద్యమాన్ని నడిపారు. మరియా వెస్టన్ చాప్‌మన్ దాన్ని ఏళ్ల తరబడి పెద్ద వార్షికోత్సవంగా తీర్చిదిద్దింది. ఇంగ్లండు, స్కాట్లండు నుంచి కూడా స్త్రీలు పెట్టెలకొద్దీ చేతిపనులు పంపేవారు. అదే కాలంలో క్వేకర్లనే క్రైస్తవ శాఖవారిలో కొందరు ఇంకో అడుగు ముందుకేశారు. బానిసలు పండించిన పత్తి బట్ట కట్టం, బానిసలు పండించిన చెరకు పంచదార తినం అన్నారు. బానిసల విముక్తికని కుట్టిన దిండుకు గుడ్డ బానిస తీసిన పత్తిదే అయితే ఆ సేవ తన కాళ్లు తానే నరుక్కున్నట్టే. ఇంత కఠినంగా ఆలోచించడం అందరికీ సాధ్యం కాలేదు. అయినా ఆ ప్రశ్న అడిగినవారే ఆ ఉద్యమానికి నైతికబలం అయ్యారు.

కళ, సేవ ఒకదానికొకటి మేలు చేసుకున్న ఉదాహరణలూ ఉన్నాయి. లండన్‌లో థామస్ కోరమ్ 1739లో అనాథ శిశువుల కోసం ఫౌండ్లింగ్ హాస్పిటల్ స్థాపించాడు. చిత్రకారుడు విలియం హోగార్త్ దానికి అండగా నిలిచి, తోటి చిత్రకారుల చేత చిత్రాలు ఇప్పించాడు. చిత్రాలు చూడ్డానికి వచ్చిన శ్రీమంతులు శిశువులకు చందాలు ఇచ్చారు, బొమ్మలు ప్రదర్శించుకునే చోటు చిత్రకారులకు దొరికింది. 1750లో హోగార్త్ తన పెద్ద చిత్రం ఒకటి లాటరీలో పెట్టి, అమ్ముడుపోని టికెట్లు హాస్పిటల్‌కు ఇచ్చేశాడు. ఆ టికెట్లలోనే బహుమతి తగిలింది. ఆ చిత్రం నేటికీ ఫౌండ్లింగ్ మ్యూజియంలోనే ఉంది. హోగార్త్ చేసినదాంట్లో గమనించవలసింది ఒకటుంది. ఆయన టికెట్ ధర తగ్గించలేదు. తన పనికి పూర్తి వెల కట్టాడు, కట్టిన తర్వాతే మిగిలింది వదులుకున్నాడు.

యూనిసెఫ్ కార్డుల పుట్టుక ఇంకా మనసును తాకుతుంది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత చెకోస్లొవాకియాలోని ఒక పల్లెకు యూనిసెఫ్ సాయం అందింది. కృతజ్ఞతగా జిట్కా సమ్కోవా అనే ఏడేళ్ల పాప బొమ్మ వేసింది. కాగితం దొరకలేదు, గాజుపలక మీద వేసింది. స్తంభం చుట్టూ ఆడుకుంటున్న పిల్లలు, పైన సూర్యుడు. 1949లో దాన్ని కార్డుగా అచ్చువేశారు. ఆ తర్వాత దశాబ్దాలపాటు ప్రపంచమంతటా అమ్ముడైన యూనిసెఫ్ కార్డులకు అదే మొదలు. సాయం పుచ్చుకున్న చెయ్యే తిరిగి సాయానికి మూలమైంది. ఇచ్చేవారు ఎప్పుడూ ఇచ్చేవారే, పుచ్చుకునేవారు ఎప్పుడూ పుచ్చుకునేవారే అనుకునే అహంకారానికి ఆ పాప బొమ్మ సూటిగా సమాధానం చెబుతుంది.

దానమన్న మాటే వద్దన్న చిత్రకారులు కూడా ఉన్నారు. పోలియోతో చేతులు చచ్చుబడి, నోటితో కుంచె పట్టి చిత్రకారుడైన జర్మన్ ఎరిక్ స్టెగ్‌మన్ 1950లలో నోటితో, కాలితో చిత్రాలు వేసేవారి సంఘం స్థాపించాడు. వారి చిత్రాలను కార్డులుగా, క్యాలెండర్లుగా అచ్చువేసి అమ్మి, వారికి క్రమం తప్పని ఆదాయం కల్పించడం ఆ సంఘం పని. భారతదేశంలోనూ దాని చిత్రకారులున్నారు. జాలి అక్కర్లేదు, మా పనికి వెల కట్టండి అన్నదే మొదటినుంచీ వారి పట్టు. 12వ శతాబ్దపు యూదు తత్వవేత్త మైమొనిడీస్ దానానికి ఎనిమిది మెట్లు చెప్పి, అన్నిటికన్నా పై మెట్టు మీద పెట్టింది కూడా ఇదే. అప్పు ఇచ్చో, వ్యాపారంలో వాటా ఇచ్చో, పని చూపించో ఒక మనిషిని ఇంకెవరి ముందూ చెయ్యి చాపనక్కర్లేకుండా నిలబెట్టడమే అత్యుత్తమ దానమన్నాడు. ఇచ్చినవారెవరో పుచ్చుకున్నవారికీ, పుచ్చుకున్నవారెవరో ఇచ్చినవారికీ తెలియని గుప్తదానం ఆయన లెక్కలో దాని తర్వాతి మెట్టే. బసవడి కాయకం, మైమొనిడీస్ మెట్లు, స్టెగ్‌మన్ పట్టుదల మూడూ వేర్వేరు కాలాల్లో, వేర్వేరు మతాల్లో పుట్టి ఒకే చోటికి చేరాయి. న్యాయమైన ధర చెల్లించడం దానానికి తక్కువది కాదు, చాలాసార్లు దానికంటే ఎక్కువది.

గుప్తదానం మాట వచ్చింది కాబట్టి పేరు సంగతి కూడా చూడాలి. కుడిచెయ్యి ఇచ్చేది ఎడమచేతికి తెలియనివ్వద్దని క్రీస్తు బోధ. బహిరంగంగా ఇవ్వడం మంచిదే, రహస్యంగా పేదలకివ్వడం ఇంకా మంచిదని ఖురాన్ చెబుతుంది. మన ఇళ్లలో పెద్దలు చెప్పేదీ అదే. కాని చిత్రం కింద సంతకం ఉంటుంది, స్టాల్ మీద బోర్డు ఉంటుంది. ఇవి గుప్తదానానికి విరుద్ధమా? తిరుమల హుండీని చూస్తే దారి దొరుకుతుంది. అందులో ఎవరు ఎంత వేశారో ఎవరికీ తెలియదు. వచ్చిన మొత్తం మాత్రం పరకామణిలో లెక్కతేలి, ఏ రోజు ఎంత వచ్చిందో పత్రికల్లో వస్తుంది. ఇచ్చినవారి పేరు దాగవచ్చు, సొమ్ము లెక్క దాగకూడదు. సేవ స్టాళ్లలో చాలాచోట్ల ఇది తలకిందులవుతుంది. ఇస్తున్నవారి పేరూ ఫొటోలూ పెద్దగా కనబడతాయి, ఎంత వచ్చింది, ఎంత ఇచ్చారు, ఖర్చు ఎంత అన్నది కనబడదు. లాభంలో కొంత భాగం సేవకు అన్న మాటలో ఆ కొంత ఎంతో చెప్పకపోతే, అది కొనేవారి మంచితనాన్ని అమ్మకానికి వాడుకోవడమే.

స్టాళ్ల వల్ల వచ్చే డబ్బు పద్ధతిగా నడిస్తే ఎంత పెద్ద పని చెయ్యగలదో హైదరాబాద్ చూపించింది. 1938లో ఉస్మానియా పట్టభద్రులు కొందరు హైదరాబాద్ రాష్ట్రపు ఆర్థిక సర్వేకు డబ్బు కూడబెట్టాలని పబ్లిక్ గార్డెన్స్‌లో స్థానిక వస్తువుల ప్రదర్శన పెట్టారు. అదే నుమాయిష్. 1946లో నాంపల్లి మైదానానికి మారి, ఏటా జనవరి ఒకటి నుంచి నెలన్నరపాటు సాగే పండుగైంది. కశ్మీరు శాలువాలవారు, లక్నో చికన్ పనివారు, మన కొండపల్లి, నిర్మల్ బొమ్మలవారు అక్కడ తమ సరుకు తమ ధరకే అమ్ముకుంటారు. స్టాళ్ల అద్దెలు, టికెట్ల మీద వచ్చే రాబడితో ఎగ్జిబిషన్ సొసైటీ విద్యాసంస్థలు నడుపుతోంది. సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయ, కమలా నెహ్రూ పాలిటెక్నిక్ వాటిలోవే. గ్రామాలనుంచి వచ్చిన ఎందరో ఆడపిల్లలు అక్కడ చదివారు. ఇక్కడ ఏ కళాకారుణ్ణీ ధర తగ్గించుకుని దానం చెయ్యమని అడగలేదు. అమ్మకం అమ్మకంగానే సాగింది, సేవకు వేరే దారి వేశారు.

దీనికి ఒక అభ్యంతరం వస్తుంది. ధర పెంచితే కొనేవారు తగ్గుతారు, ఆశ్రమానికి చేరేది తగ్గుతుంది, ఆకలితో ఉన్న పిల్లల ముందు ఇంత తర్కం అవసరమా? ఇది కొట్టిపారేయదగ్గ మాట కాదు. ఆకలికి ఆలస్యం పనికిరాదు. వరద వచ్చినప్పుడు, ఒక బిడ్డకు ఆపరేషన్ కావాలన్నప్పుడు ఉన్న బొమ్మలన్నీ దొరికిన ధరకు అమ్మి డబ్బు పంపడమే ధర్మం. గీత చెప్పిన కాలం, పాత్రత అంటే ఇవే. కాని ఏడాది పొడవునా నడిచే సేవకు అత్యవసరపు నియమం పనికిరాదు. అప్పుడు తక్కువ ధర అనేది అలవాటైపోయి, కళతో బతికేవారందరి మీదా పడుతుంది. నిజంగా ఎక్కువ ఇవ్వాలనుకున్నవారికి సులభమైన మార్గం ఉంది. కొనేవారు బొమ్మకు దాని ధర చెల్లించి, విరాళం వేరుగా హుండీలో వెయ్యవచ్చు. సాత్వికదానానికి అది దగ్గర కూడా, ఎందుకంటే దానికి బదులుగా ఏదీ చేతికి రాదు.

మాడ్ లూయిస్ కథలో మనసు తొలిచేది ఇదే. ఆమె చిత్రం వల్ల దూరదేశాల్లో ఎవరికో అన్నం దొరికింది. అది మంచిపని, ఆ దుకాణం సేవకులకు దండం పెట్టాలి. కాని ఆమె బతికుండగా ఆ రోడ్డున కారు ఆపి, నవ్వుతూ నాలుగు డాలర్లిచ్చి చిత్రం పట్టుకెళ్లిన వందలమందిలో కొందరైనా, కరెంటు లేని ఆ గదినీ ముడుచుకుపోయిన ఆ వేళ్లనూ చూసి పది డాలర్లిచ్చి ఉంటే ఆమె చలికాలాలు కొంచెం తేలికయ్యేవి. రంగులు పంపిన ఒంటారియో చిత్రకారుడు ఆ పనే చేశాడు. ఈ కథలో దానానికి అన్నిటికన్నా దగ్గరగా వచ్చినది ఆయన పంపిన ఆ పెట్టెలే. ఎందుకంటే అవి సరైన కాలంలో, సరైన మనిషికి, ఆమె పని ఆగకుండా చేరాయి.

కాబట్టి సరదాకు కుంచె పట్టి సేవకు స్టాల్ పెట్టేవారికి ఒక విన్నపం. పక్కవారి ధర కనుక్కోండి. మీ రంగుకు, గుడ్డకు, గంటలకు పూర్తి వెల కట్టండి. ఆ వెలలో ఎంత దానానికి వెళుతుందో అంకెతో రాసి పెట్టండి, మేళా ముగిశాక ఇచ్చిన రసీదు నలుగురికీ చూపించండి. కొనేవారికీ ఒక విన్నపం. సేవ స్టాల్‌లో అడిగినంత ఇచ్చి, మలుపు తిరిగి చేర్యాల పటాల స్టాల్ దగ్గర బేరమాడకండి. ఈ ఏడాది నుమాయిష్‌కో శిల్పారామానికో వెళ్లినప్పుడు, దానానికని పక్కన పెట్టుకున్న డబ్బులోంచి కొంత తీసి, ఒక కళాకారుడు చెప్పిన ధరకే ఒక పటం కొనండి.